పర్లాకిమిడి హోల్‌సేల్ షాపులో ఆల్ ఇన్ వన్ సర్వర్: పదమూడేళ్ళు వాడాక రాస్తున్న రివ్యూ

మాది పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అవతల ఆంధ్ర, ఇవతల ఒడిషా గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, కౌంటర్ మీద సగం తెలుగు సగం ఒడియా, బిల్లు మాత్రం ఇంగ్లీషు. మావయ్యది మోటార్లు, పీవీసీ పైపులు, వైర్లు, శానిటరీ సామాన్ల హోల్‌సేల్ షాపు, కాశీనగర్ రోడ్డులో గొడౌను, గుణుపూర్లో ఒక చిన్న బ్రాంచి. అన్నీ కలిపి తొమ్మిది కంప్యూటర్లు, పద్నాలుగు మంది యూజర్లు. వీటన్నిటినీ చూసేది నేనే, నేను చదివింది బీకాం, సర్వర్ ఇంజనీర్ని కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే నేను రాసేదంతా దీని మీదే నిలబడి ఉంది. ఫైళ్ళు, మెయిల్, యూజర్లు, బ్యాకప్ అన్నీ ఒకే ప్యాకేజీలో వచ్చే సర్వర్ సాఫ్ట్‌వేర్ గొప్పతనం అందులో ఎన్ని ప్రోగ్రాములున్నాయి అన్నదాంట్లో లేదు, షాపులో ఉన్న మామూలు మనిషి దాన్ని నడపగలడా లేదా అన్నదాంట్లో ఉంది.

మేం రెండు వాడాం. 2012 నుంచి 2020 దాకా మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ స్మాల్ బిజినెస్ సర్వర్ 2011 స్టాండర్డ్, తర్వాత ఇప్పటిదాకా నెత్‌సర్వర్. మొదటిది ఇప్పుడు కొందామన్నా దొరకదు, అయినా దాని గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇలాంటి బండిల్ ఎలా ఉండాలో నాకు నేర్పింది అదే, ఇప్పుడు ఏ సర్వర్ చూసినా దాంతోనే పోల్చి చూస్తాను.

అంతకుముందు మా పరిస్థితి చెప్పాలి. 2009లో ఊరికి దూరంగా ఉన్న ఒక కంప్యూటర్ షాపాయన వచ్చి మాకు అన్నీ విడివిడిగా పెట్టిచ్చాడు, ఫైళ్ళకి ఒక పాత పీసీ, మెయిల్‌కి ఇంకోచోట హోస్టింగు, బ్యాకప్‌కి ఏదో ఫ్రీ ప్రోగ్రాము, యాంటీవైరస్ ఒక్కో మెషీన్లో ఒక్కో కంపెనీది, ఇంటర్నెట్ పంచడానికి మళ్ళీ ఇంకో సాఫ్ట్‌వేరు. దేనికదే బాగానే పనిచేసేది. కానీ అయిదు పాస్‌వర్డులు ఆయన దగ్గరే ఉండేవి, ఆయన ఫోన్ ఎత్తితే మా షాపు నడిచేది, ఎత్తకపోతే కూర్చునేది. 2010 వేసవిలో ఫైళ్ళున్న పీసీ హార్డ్ డిస్క్ పోయింది, బ్యాకప్ ప్రోగ్రాము అంతకు నాలుగు నెలల ముందే ఆగిపోయిందని అప్పుడు తెలిసింది, ఆగిపోయిన సంగతి మాకు చెప్పే ఏర్పాటు ఎక్కడా లేదు మరి. పదకొండు రోజులు కాగితం బిల్లుల్లోంచి మా లెక్కల ప్రోగ్రాము టాలీలోకి మళ్ళీ ఎక్కించాం. మావయ్య అప్పుడన్న మాట నాకింకా గుర్తు, "ఒరే, ఇన్ని డబ్బాలు పెట్టినావు గానీ పాడైపోనాదని ఒక్కటీ సెప్పలేదేటిరా?"

ఆ మాట కోసమే నేను వెతకడం మొదలుపెట్టాను.

స్మాల్ బిజినెస్ సర్వర్ అనేది కొత్తదేం కాదు, 1997లో బ్యాక్ ఆఫీస్ స్మాల్ బిజినెస్ సర్వర్ అనే పేరుతో మొదలైంది, తర్వాత 2000, 2003, 2008, చివరికి 2011. మేం తీసుకున్న 2011 స్టాండర్డ్‌లో విండోస్ సర్వర్ 2008 ఆర్2, మెయిల్‌కి ఎక్స్‌చేంజ్ 2010, ఆఫీసు లోపలి వెబ్‌సైట్‌కి షేర్‌పాయింట్ ఫౌండేషన్, అన్ని కంప్యూటర్లకీ అప్‌డేట్లు పంచే డబ్ల్యూసస్, బయట్నుంచి వచ్చి పనిచేసుకోడానికి రిమోట్ వెబ్ యాక్సెస్, అన్నీ ఒకే ఇన్‌స్టాల్లో వచ్చేస్తాయి. 75 మంది దాకా వాడొచ్చు, అయిదుగురికి లైసెన్సు దాంతోనే వచ్చేది, మిగతా వాళ్ళకి కొనుక్కోవాలి. ఇవే విడివిడిగా కొంటే ఎక్స్‌చేంజ్ ఒక్కదానికే జేబు ఖాళీ, చిన్న షాపు ఆ వైపు చూడను కూడా చూడదు.

కానీ ధర సంగతి పక్కన పెడితే నాకు నిజంగా నచ్చింది కన్సోల్. ఒకటే కిటికీ. కొత్త కుర్రాడు పనిలో చేరాడు అనుకోండి, యూజర్ యాడ్ చెయ్యి అని నొక్కితే పేరు, పాస్‌వర్డు అడుగుతుంది, అంతే, లాగిన్ తయారు, మెయిల్‌బాక్స్ తయారు, వాడి ఫోల్డర్ తయారు, ఏ షేర్లు చూడొచ్చో అదీ అయిపోయింది. విడివిడిగా ఉన్నప్పుడు ఇదే పని నాలుగు చోట్ల చెయ్యాలి, ఒకచోట మర్చిపోతాం, ఆర్నెల్ల తర్వాత కుర్రాడు మానేసినా వాడి మెయిల్ నడుస్తూనే ఉంటుంది. ఇది మా దగ్గర నిజంగా జరిగింది, మానేసి వేరే షాపులో చేరినవాడికి మా రేట్లు మూడు నెలలు వెళ్ళాయి. కొత్త కంప్యూటర్‌ని నెట్‌వర్క్‌లో కలపాలన్నా అంతే, ఆ మెషీన్లో బ్రౌజర్ తెరిచి అడ్రస్ దగ్గర కనెక్ట్ అని కొడితే మిగతాదంతా అదే అడుగుతుంది, ఏ యూజర్, ఏ మెషీన్ పేరు, పాత డెస్క్‌టాప్ మీది ఫైళ్ళు తేవాలా వద్దా.

రెండోది రోజూ పొద్దున్న వచ్చే రిపోర్టు. సర్వర్ దానంతటదే రాత్రి బ్యాకప్ అయ్యిందా, అప్‌డేట్లు ఏ మెషీన్‌కి వెళ్ళాయి, యాంటీవైరస్ ఎక్కడ పాతబడింది, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది, అన్నీ ఒక పేజీలో వేసి మెయిల్ చేస్తుంది, బాగున్నవాటికి పచ్చ టిక్కు, తేడా ఉన్నవాటికి ఎర్ర గుర్తు. మావయ్యకి కంప్యూటర్ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం, కానీ రంగు తెలుస్తుంది కదా. రోజూ షట్టర్ ఎత్తి దేవుడికి అగరొత్తి వెలిగించాక నా టేబుల్ దగ్గరికి వచ్చి "పచ్చగున్నాదా?" అని అడిగేవాడు, పచ్చగా ఉంటే టీ, ఎర్రగా ఉంటే అది పచ్చ అయ్యేదాకా నన్ను వేరే పని ముట్టుకోనిచ్చేవాడు కాదు. 2010లో మాకు లేనిది ఇదే. బ్యాకప్ ఆగిన మర్నాడే తెలిసిపోవడం. ఒక సాఫ్ట్‌వేర్‌కి ఇంకో సాఫ్ట్‌వేర్ సంగతి తెలిస్తేనే ఇది కుదురుతుంది, అయిదుగురు అయిదు కంపెనీల నుంచి వస్తే వాళ్ళందరినీ కూర్చోబెట్టి రోజూ ఒక పేజీ ఎవరు రాస్తారు చెప్పండి.

మూడోది చిన్నదే, కానీ షాపులో అందరికీ సర్వర్ మీద నమ్మకం వచ్చింది దీనివల్లే. గొడౌన్లో స్టాక్ ఒక ఎక్సెల్ షీట్లో ఉండేది, ముప్పావు ఇంచి, ఇంచి, ఇంచిన్నర, రెండించులు అని పైపుల సైజు వారీగా, ఒక్కో కంపెనీకి ఒక్కో కాలమ్. ఒకరోజు సాయంత్రం గొడౌను కుర్రాడు సార్ట్ చెయ్యబోయి ఒక్క కాలమ్ మాత్రమే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాడు, సైజులు ఒకచోట, నంబర్లు ఇంకోచోట, పైగా సేవ్ చేసి మూసేశాడు. భయంతో వాడి మొహం తెల్లబోయింది. అకౌంట్స్ చూసే ఒడియా భాయినా (భాయినా అంటే అన్నయ్య) ఏం కంగారు పడకుండా వచ్చి ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ అని నొక్కాడు, పొద్దున్న ఏడింటిది ఒకటి, మధ్యాహ్నం పన్నెండింటిది ఒకటి కనబడ్డాయి, పన్నెండింటిది తెరిచి చూసి దాన్నే వెనక్కి తెచ్చాడు. మధ్యాహ్నం నుంచి వెళ్ళిన ఆరు చలాన్లు మళ్ళీ కొట్టుకున్నాం, పది నిమిషాల పని. ఆయనకి అది ఎవరూ నేర్పలేదు, అంతకుముందు వారం నేను ఒకసారి చేస్తుంటే పక్కనుంచి చూశాడంతే. ఇలా చూసి నేర్చుకునేలా ఉండడమే చిన్న షాపుకి కావాల్సింది.

అప్‌డేట్ల సంగతి కూడా చెప్పాలి. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఊళ్ళో అందరికీ ఒకటే భయం, పెన్‌డ్రైవ్ పెట్టాలన్నా భయపడేవాళ్ళు. దాన్ని ఆపే ప్యాచ్, అంటే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, మా సర్వర్లో డబ్ల్యూసస్ ఉంది కాబట్టి అది అప్పటికే మా విండోస్ 7 మెషీన్లన్నిటికీ వెళ్ళిపోయింది, రిపోర్ట్ తీసి చూస్తే గుణుపూర్ మెషీన్ ఒక్కటే మిగిలింది, ఆ రోజే భాయినా చేత దాన్ని కూడా పూర్తి చేయించా. డబ్ల్యూసస్ ఒక్కదాన్నే విడిగా సర్వర్ మీద పెట్టుకోవచ్చు, నిజమే, కానీ విడిగా పెట్టుకునే చిన్న షాపు నేనైతే ఈ చుట్టుపక్కల ఎక్కడా చూడలేదు. బండిల్లో వచ్చింది కాబట్టే మా దగ్గర ఉంది.

ఇప్పుడు తిత్లీ.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తుఫాను పలాస వైపు తీరం దాటి మా మీదకి వచ్చేసింది. నవరాత్రుల రోజులు. వంశధార, మహేంద్రతనయ రెండూ పొంగాయి, చెట్లు, కరెంటు స్తంభాలు పేకల్లా పడ్డాయి. మా షాపు మేడ మీద రేకుల గది ఉండేది, సర్వర్ అందులోనే, రేకులు రెండు లేచిపోయి వాన నేరుగా దాని మీదే పడింది. తెల్లారి వెళ్ళి చూస్తే క్యాబినెట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మదర్‌బోర్డు పోయింది, డిస్కులు రెండూ పోయాయి. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది, ఫోన్లు లేవు, రోడ్లు మూసుకుపోయాయి, ఆ రోజుల్లో సర్వర్ గురించి ఆలోచించే పరిస్థితి కూడా కాదు, ముందు తాగే నీళ్ళు, బియ్యం, చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మా పనివాళ్ళ ఇళ్ళు.

కానీ మా దగ్గర బ్యాకప్ డిస్కులు రెండుండేవి, ఒక వారం ఒకటి సర్వర్‌కి, ఇంకోటి ఇంటికి. తుఫాను హెచ్చరిక విని 10వ తారీఖు సాయంత్రం షాపు తొందరగా కట్టేశాం, కట్టేముందు నేను బ్యాకప్ చేత్తో ఒకసారి నడిపించి ఆ డిస్కు తీసి మావయ్య చేతికిచ్చాను, ఆయన దాన్ని టిఫిన్ క్యారియర్ సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. రోడ్లు తెరుచుకున్నాక విశాఖ నుంచి అదే మోడల్ పాత సర్వర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాం. మావయ్య ఇంటి వరండాలో జెనరేటర్ పెట్టి, ఇన్‌స్టాల్ డీవీడీతో బూట్ చేసి, రిపేర్ అని, సిస్టమ్ ఇమేజ్ రికవరీ అని నొక్కి, బ్యాకప్ డిస్కు తగిలించాను. 10వ తారీఖు సాయంత్రం కాపీ కనబడింది. మూడు గంటల పైన నడిచింది, ఆ మూడు గంటలూ మావయ్య అక్కడే కుర్చీ వేసుకు కూర్చున్నాడు, జెనరేటర్‌కి డీజిల్ చూసుకుంటూ. రీస్టార్ట్ అయ్యి లాగిన్ తెర వచ్చింది, పాత పాస్‌వర్డే కొట్టాను, లోపలికి వెళ్ళింది. టాలీ డేటా ఉంది, అందరి మెయిళ్ళున్నాయి, యూజర్లున్నారు, ఎవరికి ఏ ఫోల్డర్ అన్నది కూడా అలాగే ఉంది. కంప్యూటర్లని మళ్ళీ కలపాల్సిన పని కూడా పడలేదు, వాటికి సర్వర్ మారిందనే తెలీదు. 2010లో ఫైళ్ళు ఒక్కటే పోతే పదకొండు రోజులు, ఇప్పుడు మొత్తం మెషీనే పోతే ఒక్క మధ్యాహ్నం.

ఎవరైనా నన్ను బండిల్ ఎందుకు అని అడిగితే నేను ఆ వరండానే చూపిస్తాను. విడివిడిగా ఉంటే మెయిల్‌కి ఒక బ్యాకప్, ఫైళ్ళకి ఒకటి, యూజర్లకి ఒకటి, ఏది ముందు పెట్టాలి ఏది తర్వాత పెట్టాలి అన్నది తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి తుఫాను రోజున మీ ఊళ్ళో ఉండాలి. మాకు ఒక డిస్కు, ఒక డీవీడీ సరిపోయాయి.

సరే, లోటుపాట్లు. ఉన్నాయి, దాచను. అన్నీ ఒకే మెషీన్లో ఉంటే ఆ మెషీన్ పడుకున్నప్పుడు అన్నీ పడుకుంటాయి, ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, పద్ధతే అది. మెయిల్ సర్వరు, యూజర్ల లెక్క చూసే డొమైన్ కంట్రోలరు ఒకే చోట ఉన్నప్పుడు షట్‌డౌన్ చాలా నెమ్మదిగా అవుతుంది, ఎందుకంటే డొమైన్ సర్వీసులు ముందు ఆగిపోతే ఎక్స్‌చేంజ్ వాటి కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మా ఊళ్ళో వేసవిలో కరెంటు ఎలా ఉంటుందో మీకు తెలుసు, మా యూపీఎస్ బ్యాటరీ పాతబడి పది నిమిషాలకే చేతులెత్తేసేది, సర్వర్ సగం ఆగుతుండగా ఠక్కున పోయేది. చివరికి ఎక్స్‌చేంజ్ సర్వీసుల్ని ముందు ఆపేసి ఆ తర్వాత మెషీన్‌ని ఆపే చిన్న స్క్రిప్టు రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను, బ్యాటరీ కూడా మార్చాం. ఎవరైనా ఇలా అన్నీ ఒకచోట పెట్టుకుంటే యూపీఎస్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు, దయచేసి వద్దు.

స్మాల్ బిజినెస్ సర్వర్ 32 జీబీ మించి ర్యామ్ వాడుకోదు. ఒక నెట్‌వర్క్‌లో ఇది ఒక్కటే ఉండాలి, పెత్తనం దానిదే అవ్వాలి, అంటే గుణుపూర్లో ఇంకో స్మాల్ బిజినెస్ సర్వర్ పెట్టి రెండిటినీ కలపడం కుదరదు, అక్కడ కావాలంటే మామూలు విండోస్ సర్వర్ కొనాలి. మేం కొనలేదు, గుణుపూర్ వాళ్ళు రిమోట్ వెబ్ యాక్సెస్‌తోనే బండి లాగారు, నెట్ బాగున్న రోజు బాగానే ఉండేది, కేబుల్ తెగిన రోజు సాయంత్రం ఫోన్లో బిల్లులు చదివి వినిపించేవారు.

ఇంకా పెద్ద లోటు, కంపెనీ నిర్ణయం మారితే మన చేతిలో ఏం ఉండదు. మేం 2012 జనవరిలో పెట్టుకున్నాం, అదే ఏడాది జూలైలో ఈ లైన్ ఇక ఉండదని మైక్రోసాఫ్ట్ చెప్పింది, 2013 చివరికల్లా అమ్మకాలు పూర్తిగా అయిపోయాయి. దాని బదులు వచ్చిన విండోస్ సర్వర్ 2012 ఎసెన్షియల్స్ 25 మంది యూజర్లకి, 50 పరికరాలకి, కానీ అందులో మెయిల్ సర్వర్ లేదు, మెయిల్ క్లౌడ్‌లో పెట్టుకోండి అనే దారి. మా 2011కి సపోర్ట్ 2020 జనవరి 14 దాకా ఉంది కాబట్టి ఆ రోజు దాకా వాడుకున్నాం. పెట్టిన డబ్బుకి ఎనిమిదేళ్ళు నడిచింది, ఆ విషయంలో నాకేం బాధ లేదు. కానీ అంత చక్కగా చిన్న షాపు కోసం ఆలోచించి కట్టిన వస్తువు ఆగిపోయినందుకు బాధ ఉంది, ఇప్పటికీ ఉంది.

తర్వాత ఏంటి అని 2019 దసరా నుంచే వెతికాను. జెంట్యాల్ చూశాను, ఉబుంటు అనే లైనక్స్ మీద నడుస్తుంది, బాగుంది. నెత్‌సర్వర్ 7 చూశాను, ఇటలీ వాళ్ళది, సెంటోస్ 7 అనే లైనక్స్ మీద నడిచేది, డబ్బులు కట్టక్కర్లేదు, సపోర్ట్ కావాలంటే కట్టుకోవచ్చు. పాత మెషీన్లో రెండు నెలలు రెండోదాన్ని నడిపి చూసి దానికే వెళ్ళాం. విండోస్ కంప్యూటర్లు లాగిన్ అవ్వడానికి సాంబా ఉంది, అంటే విండోస్ సర్వర్లో యూజర్ల లెక్క చూసే యాక్టివ్ డైరెక్టరీ పని ఇక్కడ సాంబా చేస్తుంది, 2012 డిసెంబర్లో వచ్చిన సాంబా 4 నుంచే ఇది సాధ్యమైంది. ఫైళ్ళ షేర్లు, మెయిల్, ఫోన్లో ఫైళ్ళు చూడ్డానికి నెక్స్ట్‌క్లౌడ్, ఫైర్‌వాల్, బయట్నుంచి రావడానికి ఓపెన్ వీపీఎన్, బ్యాకప్, అన్నీ ఒకే వెబ్ పేజీలోంచి. సాఫ్ట్‌వేర్ సెంటర్లో టిక్ పెడితే వచ్చేస్తుంది. అదే ఆలోచన, వేరే చేతులు.

రెండు నెలలకే లాక్‌డౌన్. 2020 మార్చి 25 నుంచి షాపుకి ఎవరూ రాలేని పరిస్థితి, భాయినా వాళ్ళ ఊళ్ళో ఉండిపోయాడు. నెత్‌సర్వర్లో వీపీఎన్ యూజర్ ఒకటి తయారు చేసి ఆ ఫైల్ ఆయన ల్యాప్‌టాప్‌కి పంపాను, ఫోన్లో ఒక్కో మెట్టు చెప్తుంటే ఆయన పెట్టుకున్నాడు, అరగంటలో తన ఆఫీసు కంప్యూటర్ తెర తన ఇంట్లో కనబడింది. జీఎస్టీ రిటర్నులు అలాగే వేశాం. మాది రెండు రాష్ట్రాల మధ్య వ్యాపారం, సరుకు సగం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వస్తుంది, ప్రతి లోడుకీ ఐజీఎస్టీ, యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు, ఆ కాగితాలన్నీ సర్వర్లోనే ఉంటాయి కాబట్టి ఆ ఫోల్డర్ తెరవడం అంటే మాకు షాపు తెరవడమే.

స్మాల్ బిజినెస్ సర్వర్తో పోలిస్తే ఇందులో తక్కువేంటంటే చూపించే పద్ధతి. ఆ పొద్దుటి పచ్చ ఎర్ర పేజీ ఇందులో అలా లేదు, బ్యాకప్ అయ్యిందో లేదో మెయిల్ వస్తుంది కానీ అది ఇంగ్లీషులో రాసి ఉన్న వరసలు, మావయ్యకి చూపించేది కాదు. అందుకని పొద్దున్నే దాన్ని నేనే చూసి గోడ మీద క్యాలెండర్లో ఆ తారీఖు మీద పచ్చ స్కెచ్ పెన్నుతో చుక్క పెడుతున్నాను, ఆయన క్యాలెండర్ చూసుకుంటాడు. ఈ పేజీని ఎవరైనా తయారు చేసి ఇందులో పెడితే నేను మొదటివాడిగా డబ్బులు కట్టి తీసుకుంటాను.

సెంటోస్ 7 కాలం 2024 జూన్ 30తో అయిపోయింది, దాంతో పాటే నెత్‌సర్వర్ 7 కూడా. ఇప్పుడు మాది నెత్‌సర్వర్ 8, దీని కట్టుబడి వేరు. ప్రతి అప్లికేషను పోడ్‌మ్యాన్ కంటైనర్లో, అంటే దాని సొంత డబ్బాలో, విడిగా ఉంటుంది, మెయిల్ అప్‌డేట్ చేస్తే ఫైళ్ళకి ఏం అవ్వదు, ఒక మెషీన్లోంచి ఇంకో మెషీన్‌కి అప్లికేషన్‌ని మార్చుకోవచ్చు, రెండు మూడు మెషీన్లని ఒకే పేజీలోంచి చూసుకోవచ్చు. డెబియన్ మీద గానీ రాకీ లైనక్స్ మీద గానీ పెట్టుకోవచ్చు. పాత 7 నుంచి 8కి తెచ్చే మైగ్రేషన్ టూల్ వాళ్ళే ఇచ్చారు, మా ఫైళ్ళు, యూజర్లు ఒక ఆదివారం రాత్రి వచ్చేశాయి. ఫైర్‌వాల్ మాత్రం ఇందులోంచి తీసేసి నెత్‌సెక్యూరిటీ అని వేరే చేశారు, దాన్ని చిన్న పెట్టెలో విడిగా పెట్టాల్సి వచ్చింది. మూట కొంచెం వదులైంది అన్నమాట. మంచిదే, ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉండే మెషీను, లెక్కలుండే మెషీను ఒకటే కాకపోవడం మంచిదే, ఒప్పుకుంటా. కానీ నాలాంటివాడికి నేర్చుకోవాల్సింది పెరిగింది, మొదటి వారం చాలా తిప్పలు పడ్డాను, కంటైనర్ అంటే ఏంటో అర్థమయ్యేదాకా ఏది ఎక్కడుందో తెలీలేదు.

మెయిల్ గురించి ఒక ముక్క. స్మాల్ బిజినెస్ సర్వర్ రోజుల్లో మా బ్రాడ్‌బ్యాండ్‌కి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రస్, లేదు, అందుకని బయట హోస్టింగులో ఉన్న మెయిళ్ళని పాప్3 కనెక్టర్‌తో లాక్కుని ఎక్స్‌చేంజ్‌లో వేసుకునేవాళ్ళం, హాయిగా నడిచింది. ఇప్పుడు మాత్రం చిన్న షాపువాళ్ళెవరూ సొంతంగా మెయిల్ సర్వర్ నడపొద్దనే చెప్తాను. స్టాటిక్ ఐపీ కావాలి, రివర్స్ డీఎన్‌ఎస్ (ఆ ఐపీ ఎవరి పేరు మీదుందో చెప్పేది) ప్రొవైడర్ చేత పెట్టించాలి, మెయిల్ మన దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ సరిగ్గా ఉండాలి, ఇవన్నీ చేసినా కొటేషన్ వెళ్ళి అవతలివాళ్ళ స్పామ్‌లో పడితే ఆర్డరు పోయినట్టే. మేం మెయిల్ బయటే పెట్టేశాం, సర్వర్లో ఆ మాడ్యూల్ వేసుకోలేదు.

మరి అన్నీ క్లౌడ్‌లోనే పెట్టేస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. మనిషికింత అని నెలనెలా కట్టాలి, పద్నాలుగు మందికి ఏడాదికి లెక్కేసుకుంటే మాకు గిట్టదు, అదొకటి. ఇంకోటి, రోడ్డు వెడల్పు చేస్తున్న రోజుల్లో జేసీబీ వచ్చి ఫైబర్ తెంపితే సాయంత్రం దాకా నెట్ ఉండదు, ఖరీఫ్ సీజన్లో రైతు మోటారు కోసం వచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే నెట్ లేదు రేపు రా అని చెప్పలేం. లోపలి సర్వర్ ఉంటే స్టాకు, బిల్లు నెట్‌తో పని లేకుండా నడుస్తాయి.

ఎవరికి పనికొస్తుందంటే, అయిదారు నుంచి పాతిక ముప్ఫై మంది దాకా ఉండి, ఒకే చోట ఎక్కువ పని జరిగే షాపు, మిల్లు, చిన్న నర్సింగ్ హోము, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, వీళ్ళకి బండిలే. నాలుగు కంప్యూటర్లే ఉంటే ఇదంతా అక్కర్లేదు, రెండు డిస్కులు పట్టే సినాలజీ లాంటి నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచే పెట్టె) ఒకటి కొని పెట్టుకోండి, ఫైళ్ళు, బ్యాకప్ అయిపోతాయి. లైనక్స్ అంటే అసలు ముట్టుకోను అనేవాళ్ళకి ఈరోజు విండోస్‌లో ఆ పాత స్మాల్ బిజినెస్ సర్వర్ లాంటిది లేదు, ఎసెన్షియల్స్‌లో కూడా ఆ కన్సోల్ లాంటి డ్యాష్‌బోర్డ్ 2016తోనే ఆగిపోయింది, 2019 దాంట్లోంచి తీసేశారు.

మా దగ్గర ఇంకా మిగిలిన పని గుణుపూర్. నెత్‌సర్వర్ 8లో రెండో మెషీన్‌ని నోడ్‌గా కలుపుకోవచ్చు కాబట్టి అక్కడ చిన్న మెషీన్ ఒకటి పెడదామని చూస్తున్నా, కేబుల్ తెగినా వాళ్ళ ఫైళ్ళు వాళ్ళ దగ్గరే ఉంటాయి. మెషీన్ వచ్చింది, యూపీఎస్ కూడా ఈసారి పెద్దదే తీసుకున్నాం, వర్షాలు తగ్గాక వెళ్ళి బిగించాలి. మేడ మీద కాదు, కింద లోపలి గదిలో, నేల మీద నుంచి నాలుగడుగుల ఎత్తులో అరుగు కట్టించమని చెప్పాను. తిత్లీ నాటి బ్యాకప్ డిస్కు ఇంకా మావయ్య బీరువాలోనే ఉంది, పాతది కదా తీసేద్దామంటే ఇవ్వనంటున్నాడు.